నల్లా నీరు, బోరు నీరు: కాఠిన్యత ఎంత, హాని ఎంత? – సోమశిల ప్రాంత తాగునీటిపై ప్రత్యేక వ్యాసం

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ పట్టణానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో కృష్ణానది ఒడ్డున ఉన్న సోమశిల గ్రామం లలితా సోమేశ్వరస్వామి ఆలయ సముదాయానికి ప్రసిద్ధి చెందినది. శ్రీశైలం జలాశయం నిర్మాణంతో పాత ఆలయాలు ముంపునకు గురికాగా, వాటిని ఎగువ ప్రదేశానికి తరలించి పునర్నిర్మించడం జరిగింది. ఆలయాలతో పాటు ఈ తీరంలోని అనేక గ్రామాల ప్రజలు సైతం ఇళ్ళను, పొలాలను నీటికి అప్పగించి పైకి వచ్చినవారే. నాడు తమ ఊళ్ళను ముంచిన జలరాశియే నేడు గొట్టాల ద్వారా వారి ఇంటి నల్లాకు చేరుతున్నది. అట్టి నీటి గుణమేమిటో, దానిని ఏ కొలతతో కొలవాలో తెలుసుకొనే హక్కు అందరికన్నా ముందుగా ఈ ప్రాంత ప్రజలకే ఉన్నది.

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలలో అనేక ఇళ్ళలో రెండు రకాల నీరు కనిపిస్తుంది. ఒకటి పెరటిలోని బోరు నీరు. రెండవది కృష్ణానది నుంచి వచ్చే రక్షిత మంచినీరు. గద్వాల వైపు జూరాల జలాశయం, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ వైపు శ్రీశైలం జలాశయం దీనికి ఆధారములు. ఇటీవలి కాలంలో మూడవ రకం కూడా చేరినది. అది వాటర్ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యాను. బోరు నీరు ఉప్పగా ఉన్నదని, పప్పు ఉడకదని దానిని వదిలివేసినవారు, నల్లా నీటికి మందు వాసన వస్తున్నదని దానినీ ప్రక్కన పెట్టి క్యాను నీటిని కొనుగోలు చేస్తున్నారు. ఈ రెండు నిర్ణయాలకూ మూలం ఒక్కటే: నీటి మంచిచెడ్డలను నాలుక చెప్పగలదనే నమ్మకం. నాలుకకు తెలిసేది కొంత మాత్రమే. ప్రాణానికి హాని చేసే అంశాలలో అధికభాగం దానికి తెలియదు.

కాఠిన్యత ఎక్కడినుంచి వస్తుంది?

వర్షపు నీరు స్వతహాగా మృదువైనది. అది నేలలోనికి ఇంకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొంది, రాళ్ళలోనూ మట్టిలోని సున్నపు గడ్డలలోనూ ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొంటుంది. ఈ రెండు లోహాల లవణాలు అధికంగా గల నీటినే కఠినజలం అంటారు. వానలు తక్కువగా ఉండి, ఎండ తీవ్రంగా ఉండే పాలమూరు ప్రాంతంలో గట్టి రాతి పగుళ్ళలో నీరు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీరు పైకి వస్తుంది. సాధారణంగా పాత నీటిలో లవణములు ఎక్కువ. వేసవిలో బోరు నీటి రుచి మారినదని గృహిణులు చెప్పుటలో అతిశయోక్తి లేదు.

కాఠిన్యతను కాల్షియం కార్బొనేట్ లెక్కలోనికి మార్చి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఒక వర్గీకరణ ప్రకారం 60 మిల్లీగ్రాముల వరకు మృదుజలం, 180 దాటినచో అతికఠిన జలం. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐ.ఎస్. 10500 ప్రమాణం 2012లో సవరింపబడినది. దాని ప్రకారం 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం; వేరొక నీటి ఆధారం లేనపుడు 600 వరకు అనుమతించవచ్చును. ఇంత వెసులుబాటు ఇవ్వడానికి కారణం లేకపోలేదు. కాఠిన్యత వలన ఆరోగ్యానికి హాని కలుగుతుందని రుజువు కానందున ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం ఆరోగ్య దృష్ట్యా దీనికి పరిమితిని విధించలేదు. మూత్రపిండాలలో రాళ్ళకు కఠినజలమే కారణమనే మాట ఊరూరా వినిపిస్తుంది గాని, అది శాస్త్రీయంగా స్థిరపడలేదు. ఎండలో పనిచేసేవారు చాలినంత నీరు తాగకపోవుట అంతకన్నా బలమైన కారణమని వైద్యులు చెబుతారు. నీరు కఠినంగా ఉన్నదని తక్కువగా తాగువారు ఈ విషయం ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది.

వంటింటిలో మాత్రం కఠినజలం కలిగించే ఇబ్బంది నిజమైనదే. కందిపప్పు గింజలోని కణములను అంటిపెట్టుకొని ఉండే పెక్టిన్ అనే పదార్థం నీటిలోని కాల్షియంతో కలిసి కరుగని రూపం దాల్చుతుంది. అందువలన ఎంతసేపు ఉడికించినా పప్పు పలుకుగానే ఉంటుంది. వంట చెరకు, గ్యాసు వృథా అవుతాయి. సబ్బులోని కొవ్వు ఆమ్లములు కాల్షియంతో కలిసి తెల్లని తెట్టుగా మారిపోవుటచే నురగ రాదు. నీటిని కాచిన పాత్రలకూ, గీజరు లోపలి తీగచుట్టకూ గార పట్టుట మరొక నష్టం. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పుకొనదగినది. పూర్వం ఇవే బావుల నీటితో మన పెద్దలు కుంకుడుకాయ రసంతో తలంటుకొనేవారు. కుంకుడులోని నురగనిచ్చే పదార్థం సబ్బు వలె కాల్షియంతో కలిసి విరిగిపోదు. సున్నిపిండికి నురగతోనే పనిలేదు. కఠినజలం కొత్తగా వచ్చినది కాదు. దానితో బాధ చాలావరకు సబ్బుతో పాటు వచ్చినది.

బైకార్బొనేట్ల వలన కలిగే కాఠిన్యతను తాత్కాలిక కాఠిన్యత అంటారు. నీటిని బాగా మరిగించి చల్లార్చినచో ఇది సుద్దగా అడుగున చేరుతుంది. పై తేట వాడుకొనవచ్చును. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగే శాశ్వత కాఠిన్యత మరిగించినా పోదు. ప్రయోగశాలలో ఈ పరీక్ష చూడ ముచ్చటగా ఉంటుంది. నీటి నమూనాకు ఒక రంగు సూచికను చేర్చగా ద్రాక్షపండు ఎరుపు వస్తుంది. ఇ.డి.టి.ఎ. ద్రావణాన్ని బొట్టు బొట్టుగా కలుపగా ఒక దశలో ఎరుపు పోయి స్వచ్ఛమైన నీలం కనిపిస్తుంది. అంతవరకు ఎంత ద్రావణం పట్టినదనే దానినిబట్టి కాఠిన్యతను లెక్కిస్తారు.

తియ్యని నీటిలో దాగిన ఫ్లోరైడు

పప్పు చక్కగా ఉడికే బోరు నీరు దొరికినచో ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సరిగ్గా అక్కడే జాగ్రత్త అవసరం. గ్రానైటు జాతి రాళ్ళలో ఫ్లోరైడు గల ఖనిజములు ఉంటాయి. కాల్షియం సమృద్ధిగా ఉన్న నీటిలో ఫ్లోరైడు అధికంగా కరిగి నిలువజాలదు. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడుగా వేరుపడతాయి. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న మెత్తని నీటిలో మాత్రం అది స్వేచ్ఛగా నిలుస్తుంది. అనగా సబ్బు నురగ బాగా వచ్చే బోరులో ఫ్లోరైడు ఎక్కువగా ఉండుటకు అవకాశం కలదు. ఇది అన్నిచోట్లా వర్తించే సూత్రం కాదు. పరీక్షించనిదే ఏ బోరు సంగతీ చెప్పరాదు. ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు.

ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. గరిష్ఠ అనుమతి 1.5 మిల్లీగ్రాములు. అది మించిన నీటిని చిన్ననాటి నుంచి తాగిన పిల్లల పళ్ళపై గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. అంతకన్నా ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి తాగినవారికి కీళ్ళు బిగిసి, వెన్నెముక వంగిపోతుంది. వంగిన వెన్నెముకను మందులతో తిరిగి నిలబెట్టుట సాధ్యం కాదు. నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు ప్రాంతాలలో ఈ వ్యాధి ఉన్నట్లు 1937లోనే వైద్య పత్రికలలో ప్రకటింపబడినది. పొరుగున ఉన్న నల్గొండ జిల్లా ఈ కారణంగానే దేశమంతటా తెలిసినది. సున్నము, పటికలతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టి, నల్గొండ పద్ధతి అని పిలిచినారు. నీటిని మరిగించుట వలన ఫ్లోరైడు పోకపోగా, ఆవిరైపోయిన నీటి మేరకు మిగిలిన దానిలో దాని పాలు పెరుగుతుంది.

మరుగుదొడ్డి గుంతలకు, పశువుల పెంటకుప్పలకు దగ్గరగా ఉన్న బావులలో నైట్రేటు సంగతి కూడా చూడవలెను. దీనికి పరిమితి 45 మిల్లీగ్రాములు. ఈ విషయంలో సడలింపు లేదు. పోతపాలపై పెరిగే పసిబిడ్డలకు ఇది ప్రమాదకరం.

జలాశయం నుంచి నల్లా వరకు

కృష్ణానది సోమశిలకు చేరకముందే భీమా నదిని, ఆలంపూర్ దిగువన తుంగభద్రను కలుపుకొంటుంది. నది నీరు ప్రధానంగా వాన నీరే కనుక, రాతి పగుళ్ళలో నిలిచిన నీటికన్నా సాధారణంగా దీనిలో కాఠిన్యత, ఫ్లోరైడు తక్కువ. ఈ కారణంగానే 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకానికి భూగర్భ జలములకు బదులు నదులను, జలాశయములను ఆధారంగా తీసుకొనుట జరిగింది. కొల్లాపూర్ సమీపంలోని ఎల్లూరు వద్ద శ్రీశైలం జలాశయపు నీటిని పైకి ఎత్తి, శుద్ధిచేసి సరఫరా చేస్తారు.

అయితే నది నీటికి తన దోషములు తనకు ఉన్నవి. తొలకరి వరదలో నీరు ఎర్రమట్టితో చిక్కబడుతుంది. ఈ మట్టి ఎంతటిదో తెలియుటకు ఒక్క లెక్క చాలును. ఆరంభంలో 308 టీఎంసీలుగా ఉన్న శ్రీశైలం జలాశయ సామర్థ్యం పూడిక కారణంగా సుమారు 216 టీఎంసీలకు తగ్గిపోయినది. వేసవిలో పరిస్థితి వేరు. నీటిమట్టం పూర్తి స్థాయియైన 885 అడుగుల నుంచి బాగా దిగిపోయి, ఆవలి ఒడ్డున సంగమేశ్వరాలయం నీటినుంచి బయటపడే రోజులలో, నిలిచిన నీటిలో పచ్చని నాచు పెరిగి వాసన రావచ్చును. ఎగువన నది వెంట ఉన్న పట్టణముల మురుగు, పొలముల ఎరువుల అవశేషములు కూడా ఇందులోనే కలుస్తాయి.

శుద్ధి కేంద్రంలో ముందుగా నీటికి గాలి తగిలించి, పటిక కలుపుతారు. పటిక నీటిలోని బైకార్బొనేట్లతో కలిసి దూది పింజల వంటి ముద్దలుగా ఏర్పడి మట్టి రేణువులను పట్టుకొని అడుగునకు దిగుతుంది. అనగా మనం దోషంగా ఎంచే తాత్కాలిక కాఠిన్యతతో పాటు ఉండే బైకార్బొనేటే ఇక్కడ శుద్ధికి తోడ్పడుతున్నది. వరద నీటిలో అది చాలనపుడు సున్నం కలుపవలసి వస్తుంది. మన పెద్దలు బిందెలోని బురద నీటిని చిల్లగింజతో తేర్చినదీ ఇదే విధంగా మట్టిని ముద్దకట్టించుటకే. తేరిన నీరు ఇసుక వడపోతల గుండా పోయి, చివరకు క్లోరిన్ కలుపబడి గొట్టాలలోనికి వెళుతుంది. ఈ ప్రక్రియలో ఏ దశలోనూ కాఠిన్యతను తొలగించుట ఉండదు. దాని అవసరమూ లేదు.

ప్రజలు ఫిర్యాదు చేసే మందు వాసన ఈ క్లోరిన్‌దే. చిట్టచివరి నల్లా వద్ద సైతం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలెనని ప్రమాణం చెబుతున్నది. ఎందుకనగా శుద్ధి కేంద్రం నుంచి బయలుదేరిన నీరు మంచిదైనా, దారిలో చెడిపోయే అవకాశం ఎక్కువ. రోజులో కొద్దిసేపు మాత్రమే సరఫరా ఉండే పట్టణాలలో నీరు ఆగినపుడు గొట్టాలలో ఒత్తిడి పడిపోతుంది. పగిలిన చోట ప్రక్కనున్న మురుగు లోపలికి పీల్చుకొనబడుతుంది. ధార సన్నగా వస్తున్నదని కొందరు నల్లా వద్ద గుంత తవ్వి నీరు పడతారు. ఆ గుంతలోని నీరే సరఫరా ఆగగానే వెనుకకు గొట్టంలోనికి పోతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించుట వలన ఇరుగుపొరుగు ఇళ్ళ నీరు లాక్కొనుట మాత్రమే కాదు, వీధిలోని మురుగును కూడా లాగుట జరుగుతుంది. అతిసారం, కామెర్లు, టైఫాయిడ్ వచ్చేది ఈ దారినే. కఠినజలం పప్పును ఉడకనివ్వదు. కలుషితజలం పసిబిడ్డను రెండు రోజులలో ఆసుపత్రికి చేర్చగలదు. పళ్ళెంలోని ఇబ్బందినీ ప్రాణాపాయాన్నీ ఒకే త్రాసులో తూచరాదు.

పథకం ఆగిన రోజులను కూడా గుర్తు చేసుకొనవలసి ఉన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా వరదలకు కర్నూలు నగరం, ఆలంపూర్ పట్టణం మునిగినపుడు బావులన్నీ కలుషితమైనవి. 2020 అక్టోబరులో ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పథకం పంపుహౌస్ నీట మునుగగా తాగునీటి సరఫరాకు ఆటంకం ఏర్పడినది. ఇట్టి సమయాలలో బోరు, బావులే దిక్కు. కనుక నల్లా వచ్చినదని ఊరి బావిని చెత్తకుప్పగా మార్చుట దూరదృష్టి కాదు. సుమారు 1,000 లీటర్ల నీటికి 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు సరిపోతుంది. దానిని ముందుగా బకెట్టు నీటిలో కలిపి, సుద్ద అడుగునకు దిగిన తరువాత పై తేటను మాత్రమే బావిలో పోసి, కనీసం ఒక గంట ఆగి నీరు తోడుకొనవలెను. నీరు బురదగా ఉన్నచో ఈ మోతాదు చాలదు. మూత తెరిచి ఉంచిన పాత పౌడరులో క్లోరిన్ పోయి సున్నం మాత్రమే మిగులుతుంది.

క్యాను నీరు, కడ్డీల ప్రదర్శన

ఆర్.ఓ. యంత్రం నీటిలోని లవణములలో అధికభాగాన్ని తొలగించగలదు. ఫ్లోరైడు అధికంగా ఉన్న బోరు తప్ప మరొక ఆధారం లేని గ్రామానికి అది నిజంగా ఉపకరిస్తుంది. కాని శుద్ధి చేసిన నది నీరు ఇంటికి వస్తున్న పట్టణంలో దాని అవసరమేమిటో ఆలోచించవలెను. ఈ యంత్రం కాల్షియం, మెగ్నీషియంలను కూడా తీసివేస్తుంది. శుద్ధిచేసిన ప్రతి బిందెకూ కొంత నీటిని మురుగులోనికి వదులుతుంది. కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు లోపు ఉన్న నీటికి ఆర్.ఓ. వాడకాన్ని నిషేధించవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మే నెలలో ఆదేశించుటకు ఈ వృథాయే ముఖ్య కారణం. క్యాను 10 రూపాయలే అనుకొన్నా, రోజుకొకటి చొప్పున ఒక కూలీ కుటుంబం నెలకు 300 రూపాయలు దీనికి వెచ్చిస్తున్నది. క్లోరిన్ లేని ఆ నీరు, శుభ్రపరచని క్యానులో రెండు మూడు రోజులు నిలిచినపుడు సూక్ష్మజీవులు పెరుగుటకు అడ్డేమీ ఉండదు.

ఇళ్ళకు వచ్చి యంత్రములు అమ్మేవారు కొందరు చేసే ఒక ప్రదర్శన గురించి ప్రజలు తెలుసుకొనవలసి ఉన్నది. రెండు గ్లాసులలో లోహపు కడ్డీలు ముంచి విద్యుత్తు పంపగా, నల్లా నీరు క్షణాలలో గోధుమరంగుకు తిరిగి తెట్టు కడుతుంది, ఆర్.ఓ. నీరు తేటగానే ఉంటుంది. చూచినవారు భయపడుట సహజం. కాని ఆ రంగు నీటిలోని మాలిన్యం కాదు; ఇనుప కడ్డీ కరుగగా వచ్చిన తుప్పు. లవణములున్న నీటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది, లేని నీటిలో ప్రవహించదు, అంతే తేడా. ఆర్.ఓ. నీటిలో చిటికెడు ఉప్పు వేసి అదే కడ్డీలను ముంచమని అడిగినచో సంగతి తేలిపోతుంది. చేతిలో పట్టుకొనే టి.డి.ఎస్. మీటరు కూడా లవణముల మొత్తాన్ని సూచిస్తుందే గాని, ఫ్లోరైడు ఎంతో, సూక్ష్మజీవులు ఉన్నవో లేవో చెప్పదు.

నల్లా నీటిలో క్లోరిన్ ఉన్నదీ లేనిదీ క్లోరోస్కోపుతో అక్కడికక్కడే చూడవచ్చును. నీటిలో కొన్ని బొట్లు రసాయనం వేయగా వచ్చే పసుపురంగును ప్రక్కనున్న రంగుల పట్టీతో పోల్చుతారు. రంగు రాలేదంటే రక్షణ లేదని అర్థం; వెంటనే గ్రామ పంచాయతీ లేదా మునిసిపాలిటీ సిబ్బందికి తెలియజేయవలెను. పరీక్షించిన నీటిని పారబోయవలెను, తాగరాదు. క్లోరిన్ వాసన కిట్టనివారు నీటిని వెడల్పాటి పాత్రలో పట్టి, పలుచని వస్త్రం కప్పి కొద్దిసేపు ఉంచినచో వాసన తగ్గుతుంది. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష పేటికల వాడకంలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉన్నది. నీరు పట్టి మోసేది, వండేది, పిల్లలకు తాగించేది మహిళలే కనుక ఈ ఏర్పాటు సముచితమైనది. సూక్ష్మజీవుల పరీక్షకు చిన్న సీసాలో నీరు నింపి 24 నుంచి 48 గంటలు వెచ్చని చోట ఉంచుతారు. నీరు నల్లబడినచో అది మలినమైనదిగా అనుమానించి, మరిగించి తాగవలెను.

పూర్తి పరీక్ష కొరకు గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు నమూనా పంపదలచినవారు రసాయన పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు నీటిని, అదే నీటితో సీసాను రెండు మూడుసార్లు కడిగిన పిదప పట్టవలెను. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాల వారిచ్చే సీసానే వాడవలెను, దానిని కడుగరాదు. నీటిని బిందె నుంచి గాక నేరుగా నల్లా నుంచి, ధారను రెండు మూడు నిమిషాలు వదిలిన తరువాత పట్టి, చల్లగా ఉంచి, ఆలస్యం లేకుండా చేర్చవలెను. బోరు నీటిని కూడా తాగుచున్న ఇంటివారు దానికి వేరొక సీసా ఇచ్చి, కాఠిన్యతతో పాటు ఫ్లోరైడు, నైట్రేటు కూడా చూడవలసినదిగా చీటీపై వ్రాయవలెను.